బిల్డ్ అంటే ఏంది, క్యారెక్టర్ స్క్రీన్ దగ్గరే మనోళ్లు ఎందుకు ఆగిపోతారు

మా పిన్ని కొడుకు బైరాగిపట్టెడలో ఉంటాడు, డిగ్రీ సెకండియర్. మొన్న సేల్‌లో ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్ కొన్నాడు. రాత్రి పదకొండుకి ఫోన్ చేసి "అన్నా, రెండు గంటల్నించి క్యారెక్టర్ సెలెక్ట్ చేసే కాడే ఉండా, ఒక వీడియోలో సమురాయ్ తీసుకోమంటాడు, ఇంకోదాంట్లో మంత్రాలు కావాలంటే ఆస్ట్రాలజర్ తప్ప ఏది తీసుకున్నా గేమ్ పాడైపోతాది అంటాడు, ఏం చెయ్యాల" అన్నాడు. గొంతులో నిజంగా టెన్షన్ ఉండాది. కత్తి చేతికి రాకముందే తప్పు చేసేస్తానేమో అని భయం.

ఇదే భయం బాల్డర్స్ గేట్ 3 ఆడే జూనియర్ల దగ్గర కూడా చూసినా. అందుకే ఈ బిల్డ్ అనేది అసలు ఏంది, లోపల లెక్క ఎట్ట నడుస్తాది, ఏది మార్చుకోవచ్చు ఏది మార్చుకోలేం అనేది ఒకసారి మొదట్నించీ రాస్తా ఉండా. కొంచెం లెక్కలు ఉంటాయి, కూడికలు తీసివేతలే, భయపడాల్సింది ఏం లేదు.

క్లాస్ వేరు, స్టాట్ వేరు, బిల్డ్ వేరు

మా మామకి బంగారుపాళెం పక్కన మామిడి తోట ఉంది, పక్కనే కొంచెం టమోటా కూడా పెడతాడు. బోరు ఒక్కటే. త్రీఫేజ్ కరెంటు ఉండే గంటల్లో ఎన్ని నీళ్లు వస్తాయో అన్నే. దాన్ని ఏ మడికి ఎంత కట్టాలనేదే ఆయన రోజూ చేసే పని. గేమ్‌లో లెవెల్ పెరిగినప్పుడు వచ్చే పాయింట్లు ఆ బోరు నీళ్ల మాదిరే. మడులు ఎక్కువ, నీళ్లు తక్కువ.

ఆ మడులే స్టాట్లు. ఎల్డెన్ రింగ్‌లో అవి ఎనిమిది: ప్రాణం పెంచే విగర్, మంత్రాలకి వాడే ఎఫ్‌పీని పెంచే మైండ్, స్టామినా కోసమూ బరువు మొయ్యడానికీ ఎండ్యూరెన్స్, తర్వాత ఆయుధాలకీ మంత్రాలకీ పనికొచ్చే స్ట్రెంగ్త్, డెక్స్టెరిటీ, ఇంటెలిజెన్స్, ఫెయిత్, ఆర్కేన్. క్లాస్ అంటే నీకు తోట ఇచ్చేటప్పటికే ఏ మడిలో ఎంత తడి ఉందనేది. బిల్డ్ అంటే నువ్వు ఆ తర్వాత నీళ్లు యాడ కట్టినావు, ఏ ఆయుధం పట్టినావు, ఏ కవచం వేసినావు, ఏ మంత్రం పెట్టుకున్నావు, ఇవన్నీ కలిసి ఒకదానికొకటి ఎంత ఆసరాగా ఉండాయి అనేది.

క్లాస్‌నీ బిల్డ్‌నీ ఒకటే అనుకోవడం దగ్గరే సగం గందరగోళం మొదలవుతాది. ఎల్డెన్ రింగ్‌లో క్లాస్ అనేది మొదలుపెట్టే చోటు మాత్రమే, సమురాయ్‌గా మొదలుపెట్టినోడు కూడా పూర్తి మంత్రగాడు అయిపోవచ్చు. బాల్డర్స్ గేట్‌లో మాత్రం క్లాసే నువ్వు ఏం చెయ్యగలవో తేలుస్తాది. స్కైరిమ్‌లో అయితే క్లాసే లేదు, 18 స్కిల్స్ ఉంటాయి, ఏది వాడితే అది పెరుగుతాది, విల్లు పట్టుకుని నక్కి నక్కి కొట్టేవాడు తెలీకుండానే ఆ బిల్డ్‌లోకి పోయి కూర్చుంటాడు. ఒక గేమ్ గురించి చెప్పిన మాట ఇంకో గేమ్‌కి అతకదు అనేది ఇందుకే.

తప్పు చేస్తే పోయినట్టే అనే భయం పాతది

1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే టేబుల్ ఆట వచ్చింది, గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి చేసింది. దాంట్లో మొదట మూడే క్లాసులు: కొట్లాడేవాడు, మంత్రగాడు, దేవుడి పేరుతో వైద్యమూ యుద్ధమూ రెండూ చేసే క్లెరిక్. బలం, తెలివి, చురుకుదనం ఇట్ట ఆరు స్టాట్లు. ఇయ్యాళ మనం చూసే గేమ్‌లన్నిట్లో ఆ ఎముకలే ఉండాయి.

భయం మాత్రం కంప్యూటర్ గేమ్‌ల్నించి వచ్చింది. 2000లో వచ్చిన డయాబ్లో 2లో ఒకసారి పెట్టిన పాయింట్ వెనక్కి రాదు. తప్పు స్కిల్‌లో పెట్టినావంటే కష్టమైన లెవెల్లో క్యారెక్టర్ ముందుకి కదలదు, కొత్తది మొదలుపెట్టుకోవాల్సిందే. పాయింట్లు వెనక్కి తీసుకుని మళ్లీ పంచుకోవడాన్ని రీస్పెక్ అంటారు, అది ఆ గేమ్‌లోకి 2010లో 1.13 ప్యాచ్‌తో, అంటే కంపెనీ తర్వాత పంపే మార్పులతో, వచ్చింది, పదేళ్ల తర్వాత. 2011లో వచ్చిన మొదటి డార్క్ సోల్స్‌లో కూడా రీస్పెక్ లేదు. ఆ కాలంలో "ముందు బిల్డ్ చదువుకో, తర్వాత ఆడు" అనే సలహా వంద శాతం కరెక్టు. ఆ సలహా ఇచ్చినోళ్లు ఇప్పటికీ అదే మాట చెప్తా ఉండారు, గేమ్‌లు మాత్రం మారిపోయినాయి.

పాయింట్ పెడితే లోపల ఏం జరుగుతాది

ఎల్డెన్ రింగ్ విగర్ తీసుకుందాం, ఇది అందరికీ కావాల్సిందే. విగర్ 25 దగ్గర ప్రాణం 800. 40 దగ్గర 1450. 60 దగ్గర 1900. 99 దగ్గర, అంటే ఇంక పెరగని చోట, 2100.

ఇప్పుడు భాగించి చూడండి. 25 నుంచి 40కి పదిహేను పాయింట్లు పెడితే 650 వచ్చింది, పాయింట్‌కి 43 లెక్క. 40 నుంచి 60కి ఇరవై పాయింట్లకి 450, పాయింట్‌కి 22. 60 నుంచి 99కి ముప్పైతొమ్మిది పాయింట్లు పోస్తే వచ్చేది 200, పాయింట్‌కి 5. నీళ్లు అవే, కాపు మాత్రం పడిపోతా వచ్చింది. ఇట్ట రాబడి తగ్గే మలుపులనే సాఫ్ట్ క్యాప్ అంటారు. గేమ్ ఆపదు, పెట్టుకోనిస్తాది, కానీ ఆ నీళ్లు వేరే మడికి పోయుంటే ఎక్కువ పండేది. మామ కూడా మామిడి చెట్టుకి ఒక హద్దు దాటినాక నీళ్లు ఆపేసి టమోటా పక్కకి తిప్పేస్తాడు, ఇదే లెక్క.

రెండోది, ఆయుధానికి కనీసం ఉండాల్సిన స్టాట్. గ్రేట్‌స్వోర్డ్ అని పెద్ద కత్తి ఒకటి ఉంది, దానికి స్ట్రెంగ్త్ 31, డెక్స్టెరిటీ 12 కావాల. అంతకంటే తక్కువుంటే పట్టుకోవచ్చు గానీ దెబ్బ సరిగ్గా పడదు. ఇక్కడే చాలామందికి తెలీని విషయం ఒకటుంది: రెండు చేతుల్తో పట్టుకుంటే గేమ్ నీ స్ట్రెంగ్త్‌ని ఒకటిన్నర రెట్లు లెక్కేసుకుంటాది. అంటే 21 ఉన్నా చాలు, 31 దాటిపోతాది. పది పాయింట్లు మిగిలిపోయినాయి. అట్టే 54 స్ట్రెంగ్త్ రెండు చేతుల్తో 81 అవుతాది, 80 దగ్గర సాఫ్ట్ క్యాప్ ఉంటాది గాబట్టి డాలు వదిలేసి పెద్ద కత్తి పట్టేవాళ్లు 54 దగ్గర ఆగిపోవడం చూస్తారు. వీడియోల్లో ఈ నంబర్ చెప్తారు, ఎందుకో చెప్పరు.

మూడోది స్కేలింగ్. ఆయుధం మీద ఈ, డీ, సీ, బీ, ఏ, ఎస్ అని అక్షరాలుంటాయి, నీ స్టాట్ పెరిగే కొద్దీ ఆ ఆయుధం దెబ్బ ఎంత పెరుగుతాదో చెప్పే గుర్తు. స్ట్రెంగ్త్‌కి అన్నిటికంటే కింది అక్షరం 'ఈ' ఉన్న కత్తి పట్టుకుని స్ట్రెంగ్త్ పెంచుకుంటా పోతే పెద్ద లాభం రాదు. బిల్డ్ పాడైంది అని బాధపడేవాళ్లలో ఎక్కువమంది దగ్గర నేను చూసిన అసలు సమస్య ఇదే, స్టాటూ ఆయుధమూ చెరో దారిలో పోతా ఉంటాయి.

బరువు సంగతి కూడా చెప్పాల. అలిపిరి కౌంటర్లో లగేజీ ఇచ్చేసి ఖాళీ చేతుల్తో మెట్లెక్కేవాళ్లనీ, అన్నీ భుజానికేసుకుని ఎక్కేవాళ్లనీ చూసుంటారు గదా. ఇక్కడా అంతే, మొయ్యగలిగే బరువులో 30 శాతం దాటకుంటే దెబ్బ తప్పించుకోడానికి దొర్లడం తేలిగ్గా ఉంటాది, 70 దాకా మామూలు, అది దాటితే ధబ్బున పడతాడు, శత్రువు కత్తి తగిలేస్తాది. మంచి కవచం దొరికింది అని తొడుక్కున్న రోజు నుంచే చావడం మొదలైంది అనేవాళ్లు మొదట చూడాల్సింది ఈ శాతం.

తమ్ముడి ప్రశ్నకి లెక్కేసి చూస్తే

వాడికి కావాల్సింది మంత్రాలు, చేతిలో ఒక మోస్తరు కత్తి. ఆస్ట్రాలజర్ తీసుకోకుంటే ఎంత నష్టం? ఆ రాత్రి కాయితం మీద వేసినా.

టార్గెట్ ఇట్ట అనుకుందాం: విగర్ 40, మైండ్ 20, ఎండ్యూరెన్స్ 15, స్ట్రెంగ్త్ 14, డెక్స్టెరిటీ 14, ఇంటెలిజెన్స్ 50. ఫెయిత్, ఆర్కేన్ ముట్టుకునే పని లేదు.

ఆస్ట్రాలజర్ లెవెల్ 6తో మొదలవుతాడు. వాడి స్టాట్లు అదే వరసలో 9, 15, 9, 8, 12, 16. టార్గెట్‌కి కావాల్సినవి 31, 5, 6, 6, 2, 34. మొత్తం 84. లెవెల్‌కి ఒక పాయింట్ గాబట్టి ఆరుకి కలిపితే లెవెల్ 90.

వాగబాండ్, అంటే ఇనుప కవచం వేసుకున్న కత్తివీరుడు, లెవెల్ 9తో మొదలవుతాడు. స్టాట్లు 15, 10, 11, 14, 13, 9. కావాల్సినవి 25, 10, 4, 0, 1, 41. మొత్తం 81. తొమ్మిదికి కలిపితే లెవెల్ 90.

రెండూ ఒకటే! నేను తప్పు వేసినానేమో అని మళ్లీ వేసినా, అదే వచ్చింది. కారణం చూస్తే చాలా సింపుల్: అక్కర్లేని మడుల్లో ముందే ఎన్ని నీళ్లు ఇరుక్కుపోయినాయి అనేదే చివరి లెవెల్‌ని తేలుస్తాది. వాగబాండ్‌కి ఫెయిత్ 9, ఆర్కేన్ 7. ఆస్ట్రాలజర్‌కి ఫెయిత్ 7, ఆర్కేన్ 9. రెండింటికీ వృథా 16. సమురాయ్‌కి ఈ రెండూ ఎనిమిదెనిమిది, కాకపోతే డెక్స్టెరిటీ ముందే 15 ఉంటాది, ఒకటి ఎక్కువ, వాడు 91లో చేరతాడు. హీరో అనే బలశాలి క్లాస్ తీసుకుంటే ఆర్కేన్ 11, స్ట్రెంగ్త్ 16 ఉండడం వల్ల 95. మంత్రాలకి అస్సలు పనికిరాడు అనుకునే వాడితో మొదలుపెట్టినా నష్టం ఐదు లెవెల్స్.

అయితే ఆస్ట్రాలజర్ తీసుకోమన్న వీడియో తప్పా అంటే, అదీ కాదు. ఈ లెక్క లెవెల్ 90 దగ్గరిది. లెవెల్ 10 దగ్గర కథ వేరే. ఆస్ట్రాలజర్ చేతిలో మొదటి నిమిషం నుంచే మంత్రదండం ఉంటాది, దూరంనుంచి కొట్టచ్చు. వాగబాండ్‌కి ఇంటెలిజెన్స్ 9, మొట్టమొదటి రాయి మంత్రానికే 10 కావాల, దండమూ మంత్రమూ వెతుక్కోవాల. బదులుగా వాడికి విగర్ 15 ఉంది, చేతిలో డాలు ఉంది, నాలుగు దెబ్బలు తినగలడు. అంటే క్లాస్ తేడా అంతా మొదటి పది పదిహేను గంటల ఆటలోనే, ఆ గంటలు నీకు ఎట్ట గడవాల అనేదే అక్కడ తేల్చుకునేది. రెండు వైపులా వాదించేవాళ్లు ఆటలో వేరే వేరే గంటల గురించి మాట్లాడతా ఉండారు, అంతే.

బాల్డర్స్ గేట్‌కి వస్తే కలపడానికి ఖర్చుంది

2023 ఆగస్టులో లారియన్ స్టూడియో రిలీజ్ చేసిన బాల్డర్స్ గేట్ 3లో 12 క్లాసులు, లెవెల్ కూడా 12తో ఆగిపోతాది. ఇక్కడ ఇరవై ముఖాల పాచిక అన్నిటినీ నడిపిస్తాది. స్టాట్‌లోంచి 10 తీసేసి సగం చేస్తే వచ్చేది నీ బోనస్. 16 ఉంటే మూడు, 17 ఉన్నా మూడే, 18కి నాలుగు. బేసి అంకె దగ్గర ఆగితే ఆ ఒక్క పాయింట్ ఊరికే కూర్చుంటాది. బోనస్‌లో ఒకటి పెరిగితే దెబ్బ తగిలే అవకాశం ఐదు శాతం పెరుగుతాది.

దీంట్లో రెండు మూడు క్లాసులు కలుపుకోవచ్చు, మల్టీక్లాస్ అంటారు. కత్తీ తిప్పాల, మంత్రమూ వెయ్యాల అని ఫైటర్‌నీ విజార్డ్‌నీ కలిపేవాళ్లు చాలామంది. మొత్తం లెవెల్ 5 దగ్గర ఏమవుతాదో చూద్దాం. ఇద్దరూ రెండు చేతుల పెద్ద కత్తే పట్టినారు, దాని దెబ్బ రెండు ఆరు ముఖాల పాచికలు, సగటున 7. ఎదురుగా ఉన్నోడి కవచం 15, అంటే పాచికా బోనసూ కలిసి 15 అందుకుంటే దెబ్బ తగులుతాది.

అన్ని లెవెల్సూ ఫైటర్‌లోనే పెట్టినోడికి నాలుగో లెవెల్లో ఫీట్ అనే అదనపు వరం వస్తాది, దాంతో స్ట్రెంగ్త్ 16 నుంచి 18 చేసుకున్నాడు. బోనస్ 4, లెవెల్ వల్ల వచ్చేది 3, మొత్తం 7. పాచిక మీద 8 పడితే చాలు, 65 శాతం. తగిలితే 7కి బోనస్ 4 కలిపి 11. పైగా ఐదో లెవెల్లో ఒకే వంతులో రెండుసార్లు కొట్టే వరం. రెండు ఇంటూ 65 శాతం ఇంటూ 11, వంతుకి సగటున 14.3.

ఫైటర్ 3, విజార్డ్ 2 చేసుకున్నోడికి ఫీట్ రాలేదు, రెండో దెబ్బ రాలేదు. ఎందుకంటే ఇవి క్లాస్ లెవెల్‌ని చూసి ఇస్తారు, మొత్తం లెవెల్‌ని కాదు. బోనస్ 3, లెవెల్ వల్ల 3, 9 పడాల, 60 శాతం, తగిలితే 10. వంతుకి 6. సగం కూడా లేదు. అట్టని మంత్రాల వైపు చూస్తే, ఐదో లెవెల్ విజార్డ్ ఫైర్‌బాల్ అనే నిప్పుల మంత్రం వేస్తా ఉంటాడు, వీడికి అదీ లేదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టడం అంటారే, ఆ లెవెల్లో సరిగ్గా అదే.

కానీ కథ ఇక్కడితో ఆపేస్తే హైబ్రిడ్ బిల్డ్‌లు ఆడేవాళ్లకి అన్యాయం చేసినట్టు అవుతాది. అదే రెండు క్లాసుల్ని ఫైటర్ 2, విజార్డ్ 10గా కలిపితే ఫైటర్ రెండో లెవెల్లో వచ్చే యాక్షన్ సర్జ్‌తో ఒకే వంతులో రెండు ఫైర్‌బాల్స్ వెయ్యొచ్చు. పోగొట్టుకునేది ఒక ఫీట్, పదకొండో లెవెల్ విజార్డ్‌కి వచ్చే ఆరో స్థాయి మంత్రాలు. చాలామంది దీన్ని లాభమే అనుకుంటారు, నాకూ అట్టే అనిపిస్తాది. కలపడం తప్పు కాదు, యాడ కోసి కలిపినావు అనేదే అసలు విషయం. పెద్ద వరాలు వచ్చే లెవెల్‌కి ఒకటి ముందు కోసేస్తే నష్టం, దాటినాక కోస్తే లాభం.

బెస్ట్ బిల్డ్ అంటే ఎవరికి, ఎప్పటికి

వీడియోల్లో చూపించే బిల్డ్ అబద్ధం కాదు, కష్టపడి చేస్తారు, వాళ్ల లెక్కల వల్లే మనలాంటోళ్లకి సాఫ్ట్ క్యాప్‌లు తెలిసినాయి. సమస్య ఏందంటే ఆ వీడియో ఎక్కువసార్లు ఆట చివర్లో ఉన్న క్యారెక్టర్‌ది, అన్ని వస్తువులూ దొరికినాక. నలభై గంటల తర్వాత దొరికే కత్తి చుట్టూ కట్టిన బిల్డ్‌ని మొదటి గంటలో కాపీ కొడితే ఆ నలభై గంటలూ చేతిలో ఏం ఉండదు.

ఇంకోటి, గేమ్ మారిపోతా ఉంటాది. ఎల్డెన్ రింగ్ 2022 ఫిబ్రవరి 25న వచ్చింది. నెల తిరక్కముందే 1.03 ప్యాచ్‌లో అప్పుడు అందరూ వాడతా ఉన్న హోర్‌ఫ్రాస్ట్ స్టాంప్ అనే మంచు దెబ్బ, నీ మాదిరే ఉండే తోడుని పిలిచే మిమిక్ టియర్, రెండింటి బలాన్నీ తగ్గించేసినారు. ఇట్ట తగ్గించడాన్ని నెర్ఫ్ అంటారు. ఆ వారం ముందు తీసిన వీడియో ఇప్పటికీ నెట్‌లో ఉంటాది, తేదీ చూడకుండా నమ్మితే అంతే.

2024 జూన్‌లో ఎల్డెన్ రింగ్‌కి అదనపు భాగంగా షాడో ఆఫ్ ద ఎర్డ్‌ట్రీ వచ్చినప్పుడు ఇంకో రకం గందరగోళం. వంద దాటిన లెవెల్‌తో పోయినోళ్లు కూడా రెండు దెబ్బలకి చచ్చిపోయినారు, మా బిల్డ్ పనికిరాదు అని మొత్తం మార్చుకున్నోళ్లు ఉండారు. అక్కడ బలం లెవెల్ కంటే ఎక్కువగా స్కాడుట్రీ ముక్కల మీద ఆధారపడుంటాది, వాటిని వెతికి 20 స్థాయిల దాకా పెంచుకోవాల. కొన్నాళ్లకే మొదటి స్థాయిల బలాన్ని కంపెనీయే ప్యాచ్‌తో పెంచింది. వాళ్ల బిల్డ్‌లో తప్పేం లేదు.

గైడ్ చూడకుండా ఆడాలనేవాళ్లది వేరే మాట. సొంతంగా ఒక కత్తీ ఒక మంత్రమూ కలిసి బాగా పని చేస్తాయని కనిపెట్టినప్పుడు వచ్చే ఆనందం గైడ్ ముందే తీసేసుకుంటాది అంటారు. నిజమే. కానీ నైట్ షిఫ్ట్ ఉద్యోగం చేస్తా వారానికి మూడు గంటలు ఆడుకునేవాడికి పది గంటలు వృథా పోవడం అంటే నెల పోవడమే, వాడు గైడ్ చూస్తే తప్పు పట్టలేం.

మూడో రకం చిత్తూరులో ఉండే నా ఫ్రెండ్. వాడు బాల్డర్స్ గేట్‌లో బార్డ్ అనే పాటగాడి క్లాస్ తీసుకుని అంతా మాటల్తో మెప్పించే కరిష్మా స్టాట్‌లో పెట్టినాడు, వంతుకి ఎంత దెబ్బ అనే లెక్కే వేసుకోడు. "కొట్లాటే రానియ్యకపోతే దెబ్బ లెక్క ఎందుకబ్బా" అంటాడు. వాడి మాటలో పస ఉంది, ఆ గేమ్ రెండో భాగంలో కొందరు పెద్ద శత్రువుల్ని మాటల్తోనే వాళ్ల ప్రాణం వాళ్లే తీసుకునేట్టు చెయ్యొచ్చు. నేను పైన వేసిన 14.3 లెక్క ఆ బలాన్ని కొలవలేదు.

వెనక్కి తీసుకునే దారి ఎంత ఖరీదు

ఇది గేమ్‌ని బట్టి మారుతాది, మొదలుపెట్టే ముందు తెలుసుకుంటే సగం భయం పోతాది. బాల్డర్స్ గేట్‌లో క్యాంపులో విదర్స్ అనే అస్థిపంజరం లాంటి మనిషి 100 బంగారు నాణేలకి క్లాస్‌తో సహా మార్చేస్తాడు, ఎన్నిసార్లైనా. జాతి మాత్రం మారదు. ఎల్డెన్ రింగ్‌లో రాయా లుకారియా అకాడమీలో రెన్నాలా అనే రాణిని ఓడించినాక, లార్వల్ టియర్ అనే వస్తువు ఇస్తే పాయింట్లన్నీ తిరిగిస్తాది. ఆ వస్తువులు లెక్కగా దొరుకుతాయి, రోజూ మార్చుకుంటా కూర్చోలేం. ఇంకా ముఖ్యమైంది, క్లాస్‌తో వచ్చిన మొదటి స్టాట్ల కంటే కిందికి దించలేం. నేను లెక్కలో ఫెయిత్, ఆర్కేన్‌లని వృథా అని పక్కన పెట్టింది అందుకే, ఆ నీళ్లు ఎప్పటికీ తోడుకోలేం. ఈ గేమ్‌లో నిజంగా వెనక్కి రానిది ఆ కొన్ని పాయింట్లు మాత్రమే.

తమ్ముడికి ఆ రెండు 90లు ఫోన్‌లోనే చదివి వినిపించినా. కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అయితే నాకు ఆ ఇనుప టోపీ వాడే నచ్చినాడు అన్నా" అని వాగబాండ్ తీసుకున్నాడు. పొద్దున లేచేసరికి వాట్సాప్‌లో మెసేజ్, బయటికి రాంగానే బంగారు కవచం వేసుకున్న గుర్రపోడు ఆరుసార్లు చంపేసినాడంట, ఆస్ట్రాలజర్ తీసుకునుంటే బాగుండేదా అని. ట్రీ సెంటినెల్ వాడు, ఏ క్లాస్‌తో వచ్చినోడినైనా అట్టే చంపుతాడు. పక్కన చెట్ల చాటున చర్చి దాకా నడిచిపో, గుర్రం దొరికినాక మళ్లీ రా అని రాసి పంపినా.